టైపింగే కదా అని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి ఆదివారం మీ పత్రికలో కొత్త లాప్‌టాప్ కొనేవాళ్ల కోసం ఒక పేజీ వేశారు. విద్యార్థులకు ఒకటి, గేములు ఆడేవాళ్లకు ఒకటి, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు ఒకటి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఒకటి అని విడివిడిగా గడులు గీసి చూపించారు. అన్నిటికంటే అడుగున ఒక వాక్యం ఉంది. టైపింగ్ లాంటి చిన్న పనులకు తక్కువ ధరలో దొరికే ఏ లాప్‌టాప్ అయినా సరిపోతుందని. ఆ ఒక్క వాక్యం కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను. 1998 నుంచి నేను చేస్తున్నది టైపింగ్ పనే.

మాది విజయవాడ, అజిత్‌సింగ్ నగర్. గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటర్లో (అచ్చుకు పేజీలు కంప్యూటర్‌లో కూర్చే చోటు) చేరి, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్లు నేర్చుకున్నాను. పిల్లలు పుట్టాక ఇంట్లోనే సిస్టం పెట్టుకున్నాను. పెళ్లి కార్డులు, గుడి సావనీర్లు, యూనివర్సిటీ థీసిస్‌లు, కవుల పుస్తకాలు, ఏలూరు రోడ్డు ప్రచురణకర్తలు ఇచ్చే పుస్తకాలు, ఏవైనా చేస్తాను. పేజీకింత అని కూలి. ఎక్కువ పేజీలు చేస్తే ఎక్కువ డబ్బు, మెషిన్ ఆగిన రోజు డబ్బు లేదు. మా అమ్మ టైలరింగ్ చేసేది. కుట్టు మిషన్ కొనేటప్పుడు నాలుగు ఊళ్లు తిరిగి, సూది తీసి చూసి, ఆయిల్ ఎక్కడ వేయాలో అడిగి మరీ కొంది. లాప్‌టాప్ కొనడానికి వెళ్తే నాకు ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

ఈ జనవరిలో కొత్తది కొనేదాకా రెండు లాప్‌టాప్‌లు వాడాను. మొదటిది 2017లో 42 వేలకు కొన్నాను. లావుగా, రెండున్నర కిలోల బరువు ఉండేది. చూడటానికి ఏమంత బాగుండదు. కానీ అడుగున పది స్క్రూలు తీస్తే అన్నీ చేతికి అందేవి. కొన్నప్పుడు 4 జీబీ ర్యామ్, అంటే తెరిచిన పనులన్నీ పట్టి ఉంచే మెమరీ. రెండేళ్లకు లోపల ర్యామ్ బిగించడానికి ఖాళీగా ఉన్న గదిలో (స్లాట్) ఇంకో 8 జీబీ వేయించాను. 2020లో పాత హార్డ్ డిస్క్ తీయించి, దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ పెట్టించాను. ఆన్ కావడానికి మూడు నిమిషాలు తీసుకునేది పావు నిమిషానికి వచ్చింది. తర్వాత ఒకసారి బ్యాటరీ, ఒకసారి కీబోర్డు మార్పించాను. కీబోర్డుకు అయింది పన్నెండు వందలు. బీసెంట్ రోడ్డు పక్క సందులో రిపేరు చేసే అబ్బాయి, నేను టీ తాగి వచ్చేలోపు మార్చి ఇచ్చాడు.

రెండోది 2022లో ఆన్‌లైన్ సేల్‌లో 55 వేలకు కొన్నాను. పలచన, తేలిక, వెండి రంగు. మా అమ్మాయి కూడా చాలా బాగుందంది. నా దగ్గర అప్పటికే ఇంట్లో డెస్క్‌టాప్ ఉంది. రచయితల ఇళ్లకు, ప్రెస్సుకు పట్టుకెళ్లడానికి తేలికపాటిది ఒకటి ఉంటే బాగుంటుందనుకున్నాను.

2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు మా వీధిలోకి వచ్చింది. మీరు ఫొటోలు వేశారు, మీకు తెలుసు. తెల్లవారేసరికి మోకాళ్లలోతు నీళ్లు. రెండు లాప్‌టాప్‌లు, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, సగంలో ఉన్న పుస్తకం ప్రూఫులు ఒక సంచిలో పెట్టుకుని పైవాటా వాళ్లింటికి ఎక్కాం. డెస్క్‌టాప్ బల్ల కిందే ఉండిపోయింది. నీళ్లు తీసేసరికి దాని లోపల బురద గట్టిపడింది. అప్పటి నుంచి నా పని మొత్తం ఆ వెండి రంగు లాప్‌టాప్ మీద పడింది. దాని సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఆ ఏడాది చివర ఒక స్థానిక చరిత్ర పుస్తకం చేశాను. డెమీ సైజులో 520 పేజీలు, 140 పాత ఫొటోలు. ఇన్‌డిజైన్‌లో పుస్తకం, ఫొటోషాప్‌లో కవరు, పక్కన పాత పీడీఎఫ్, రచయిత దిద్దుబాట్లు పంపే వాట్సాప్. ఇవన్నీ ఒకేసారి తెరిచి ఉండాల్సిందే. ఇదీ ‘చిన్న పని’. ఆ లాప్‌టాప్‌లో ఉన్న 8 జీబీ ర్యామ్‌లో కొంత స్క్రీన్ కోసమే పోతుంది. మిగిలింది విండోస్‌కూ నాకూ కలిపి చాలదు. పేజీ తిప్పితే ఒత్తులు ముందు, అక్షరం తర్వాత వచ్చినట్టు ఒక్కో ముక్కగా కనిపించేది. ర్యామ్ వేయిద్దామని రిపేరు అబ్బాయి దగ్గరకు తీసుకెళ్లాను. వెనక మూత తీసి నాకే చూపించాడు. "అక్కా, ఇందులో గది లేదు. ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి అతికించేశారు. ఎంతుంటే అంతే" అన్నాడు. కొన్నప్పుడు సేల్ పేజీలో "8 జీబీ హై స్పీడ్ మెమరీ" అని పెద్ద అక్షరాలతో ఉంది. ఇక పెరగదని ఎక్కడా లేదు, ఉన్నా నాకు అర్థమయ్యే మాటల్లో లేదు.

తర్వాత మీట పోయింది. నిరుడు శ్రావణంలో, చేతిలో తొమ్మిది పెళ్లి కార్డులు ఉండగా ‘డి’ మీట ఆగిపోయింది. ఇంగ్లిష్ టైపు చేసేవాళ్లకు ‘డి’ ఒక అక్షరం మాత్రమే. నేను అను నుంచి, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌కు మారినప్పుడు, అనుతో వాడే ‘యాపిల్’ అనే పాత కీబోర్డు లేఅవుట్ అలవాటు మానుకుని ఇన్‌స్క్రిప్ట్ అనే లేఅవుట్ నేర్చుకున్నాను. ఆ లేఅవుట్‌లో పొల్లు (్ గుర్తు) ఉండేది ‘డి’ మీద. యూనికోడ్‌లో ప్రతి ఒత్తుకూ ముందు ఒక పొల్లు కొట్టాలి. ‘రాష్ట్రం’లో రెండుసార్లు, ‘స్వాతంత్ర్యం’లో మూడుసార్లు. పెళ్లి కార్డు మీద మొదటి పంక్తి ‘శ్రీ లక్ష్మీ వేంకటేశ్వరస్వామి’ అని మొదలుపెడితే అక్కడికే ఐదుసార్లు. పై వరుసలో క్ష, శ్ర లాంటి వాటికి విడి మీటలు ఉన్నాయి గానీ, అలవాటైన వేళ్లు అటు పోవు. తెలుగు టైపు చేసేవాళ్ల కీబోర్డులో ముందు అరిగేది ఆ మీటే. అది లేకపోతే తెలుగే లేదు.

పాత మెషిన్‌కు పన్నెండు వందలైన పని ఇది. ఈ కొత్తదానికి కీబోర్డు విడిగా రాదట. పై పలకకు రివెట్లతో బిగించేశారు. పలక, కీబోర్డు, టచ్‌ప్యాడ్ అన్నీ కలిపి మార్చాలి. సర్వీస్ సెంటర్లో 8,900 చెప్పారు, పార్ట్ రావడానికి మూడు వారాలన్నారు. మూడు వారాలు ఆగితే ముహూర్తాలు ఆగవు కదా. ఆరువందలు పెట్టి బయటి కీబోర్డు కొని తగిలించుకున్నాను. కార్డులు ఇచ్చాను. ఆ పది రోజులు పడిన టెన్షన్ మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ ఆపేసింది. నా 2017 లాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్. విండోస్ 11కి ఇంటెల్‌లో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే అర్హత. ఒక్క తరం తేడాతో బాగా పనిచేస్తున్న మెషిన్ పక్కకు పోయింది. దాన్ని పారేయలేదు. ఇంటర్నెట్ తీసేసి, పాత పేజ్‌మేకర్ ఫైళ్లు తెరవడానికి ఉంచుకున్నాను. పాతికేళ్ల పుస్తకాలు అందులోనే ఉన్నాయి. రెండో ముద్రణ వేస్తామని ఎవరొచ్చినా ముందు దాన్నే ఆన్ చేస్తాను. పేజ్‌మేకర్‌లో చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. దాని తర్వాత ఇంకోటి రాలేదు. మా తరం డీటీపీ వాళ్ల కష్టమంతా ఆ ఫైళ్లలో ఉంది. అను అక్షరాలు ఆ ఫాంట్ లేనిచోట పెడితే ఇంగ్లిష్ గుర్తులై కనిపిస్తాయి. ఇది వేరే ఉత్తరానికి సరిపడే విషయం, ఇక్కడితో ఆపుతాను.

ఈ జనవరిలో కొత్తది కొనక తప్పలేదు. బందరు రోడ్డు మీద నాలుగు షాపులు తిరిగాను. అన్ని చోట్లా ఒకే పాట. "ఐ5 మేడమ్, 16 జీబీ, 512 ఎస్‌ఎస్‌డీ, బ్యాగ్ ఫ్రీ." ర్యామ్ సోల్డరా, గదులున్నాయా అని అడిగితే మొదటి షాపులో అబ్బాయి ఫోన్‌లో వెతికాడు. రెండో షాపులో "పెంచుకోవచ్చు మేడమ్" అని వెంటనే అన్నారు. ఆ మోడల్ నంబరు రాసుకుని ఇంటికొచ్చి కంపెనీ వాళ్ల వెబ్‌సైట్‌లో చూస్తే పెంచుకోవడానికి లేదు. ఆ అబ్బాయి కావాలని అబద్ధం చెప్పాడని నేను అనుకోను. అతనికీ ఎవరూ చెప్పలేదు. డబ్బా మీద రాసి ఉంటే ఇద్దరం చదువుకునేవాళ్లం.

ప్రాసెసర్ పేర్ల సంగతి మీ పేజీలో అసలు రాలేదు. ఏఎండీ రైజెన్ 5 అని రెండు మెషిన్లు పక్కపక్కన పెట్టారు. ఒకటి 7520యు, రెండోది 7530యు. ఒక్క అంకె తేడానే కదా అనుకుంటాం. ఆ వరుస నంబర్లలో లోపలి డిజైన్ ఎప్పటిదో చెప్పేది మూడో అంకె. 2 ఉంటే అది జెన్ 2, అంటే 2019లో మొదలైన డిజైన్. 3 ఉంటే జెన్ 3, 2020 నాటిది. మొదటిదానిలో నాలుగు కోర్లు (ఒకేసారి పనిచేసే భాగాలు), రెండోదానిలో ఆరు. పైగా 7520యు ఉన్న మెషిన్లలో ర్యామ్ బోర్డుకు అతికించే రకమే వస్తుంది, గది ఉండే అవకాశమే లేదు. ధరలో తేడా అయిదారు వేలు. ఆ అయిదారు వేలు మిగిలాయని సంతోషపడి మొదటిది తీసుకెళ్లే తల్లిదండ్రులను నా కళ్లముందే చూశాను. చెప్పాలనిపించింది. షాపులో నిలబడి వాళ్ల వ్యాపారం చెడగొట్టడం బాగుండదని ఊరుకున్నాను. ఇప్పుడు మీ ద్వారా చెబుతున్నాను.

స్క్రీన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, మా పనిలో కళ్లే పెట్టుబడి. ఇంగ్లిష్ అక్షరాలు వరుసగా నడుస్తాయి. తెలుగు అక్షరం పైకీ కిందికీ పెరుగుతుంది. పైన గుడి, కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు. ‘కథ’ అని ఉండాల్సిన చోట ‘కధ’ పడితే తేడా కడుపులోని ఒక్క చుక్క. ద కింద చిన్న నిలువు గీత ఉందా లేదా అన్నది రోజుకు వందసార్లు చూసుకోవాలి. తక్కువ ధర మెషిన్లలో స్క్రీన్ వెలుగు 250 నిట్స్ ఉంటుంది. షాపులో లైట్ల కింద బాగానే కనిపిస్తుంది. మా ఇంట్లో వీపు వెనక కిటికీ. అందులో మధ్యాహ్నం రెండింటికి ఆ చుక్క కనపడదు. 300 నిట్స్, మెరుపు లేని స్క్రీన్ అయితే కనిపిస్తుంది, నేను పక్కపక్కన పెట్టించుకుని చూశాను. ఇంకొకటి. మామూలు స్క్రీన్‌లో నిలువుగా 1080 చుక్కలు (పిక్సెళ్లు), 16:10 అనే కొత్త రకంలో 1200. సినిమా చూసేవాళ్లకు అవసరం లేదేమో గానీ, నిలువు పేజీ చూసుకుంటూ పనిచేసేవాళ్లకు ఆ 120 చుక్కలంటే పేజీ అడుగున ఇంకో రెండు మూడు పంక్తులు. రంగుల విషయంలోనూ అంతే. చవక స్క్రీన్‌కు ‘45% ఎన్‌టీఎస్‌సీ’ అని రాస్తారు, అది ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత. దానిమీద కుంకుమ రంగు కవరు ఇటుక రంగులా కనిపిస్తుంది. నేను అది చూసి ఎరుపు పెంచితే ప్రెస్సులో కవరు మండిపోతుంది. ఒకసారి వెయ్యి కవర్లు అలా పోయాయి, నేనే కట్టుకున్నాను.

మూడో షాపులో నోట్‌ప్యాడ్ తెరిచి తెలుగు టైపు చేసి చూస్తానన్నాను. మెషిన్‌లో తెలుగు లేదన్నారు. సెట్టింగ్స్‌లో భాషల దగ్గరకు వెళ్లి నేనే కలిపాను, రెండు నిమిషాల పని. అక్కడున్న కుర్రాళ్లు చుట్టూ చేరారు. లాప్‌టాప్ కొనడానికి వచ్చి తెలుగు టైపు చేసి చూసినవాళ్లను చూడలేదన్నారు. నాకు ఆ మాట బాధేసింది. ఇంత పెద్ద ఊళ్లో, పుస్తకాలకు పేరున్న ఊళ్లో, తెలుగులో పనిచేసేవాళ్లు ఇంతమంది ఉన్నాం. మేమంతా చూడకుండానే కొంటున్నామన్నమాట. ఒక పేజీ కొట్టి చూస్తే ఏం తెలుస్తుందంటే, మీట ఎంత లోతు దిగుతుందో, వేలికి తిరిగి ఎలా తగులుతుందో తెలుస్తుంది. ఒక మోడల్‌లో డిలీట్ పక్కనే పవర్ బటన్ ఉంది. ప్రూఫులు దిద్దేటప్పుడు డిలీట్ నేను చూడకుండా కొడతాను. దాన్ని అక్కడే వదిలేశాను.

మీటల మీద తెలుగు అక్షరాలు ఎక్కడా లేవు. రష్యాలో, అరబ్ దేశాల్లో, థాయ్‌లాండ్‌లో అమ్మే లాప్‌టాప్‌ల మీటల మీద ఇంగ్లిష్‌తో పాటు వాళ్ల అక్షరాలు అచ్చేసి ఉంటాయి. నాకు చూడకుండా వచ్చు కాబట్టి అవసరం లేదు. నా దగ్గర నేర్చుకుంటున్న ఇద్దరు అమ్మాయిలకు అవసరం. స్టిక్కర్లు తెచ్చి అంటిస్తే మూడు నెలల్లో పోతున్నాయి. ముందుగా పోయేది మళ్లీ ఆ పొల్లే.

చివరికి నేను కొన్నది ఏ కంపెనీదో రాయను, ప్రచారం చేసినట్టవుతుంది. 7530యు ప్రాసెసర్, ర్యామ్‌కు రెండు గదులు, ఒకదానిలో 16 జీబీ, రెండోది ఖాళీ. 300 నిట్స్ స్క్రీన్. బరువు కిలో ముప్పావు. ఇంటికే వచ్చి రిపేరు చేసే మూడేళ్ల వారంటీకి అదనంగా కట్టి, మొత్తం 61 వేలు అయింది. ఇదే మెషిన్ నిరుడు దీపావళికి ముందు కొని ఉంటే తక్కువకే వచ్చేదని షాపాయన అన్నారు. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు తరలిపోతుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకే ఇప్పుడు కొనేవాళ్లు ఖాళీ గది ఉన్నది చూసుకోవడం ఇంకా ముఖ్యం. ఇవాళ 16 జీబీతో తెచ్చుకుని, ధర దిగాక మిగిలింది వేసుకోవచ్చు.

నేను అడిగేది రెండే. మొదటిది ప్రభుత్వాన్ని. ఫ్రిజ్ కొంటే దానిమీద నక్షత్రాల చీటీ ఉంటుంది. ఏడాదికి ఎంత కరెంటు తాగుతుందో మా అత్తయ్య కూడా చదివి చెబుతుంది. లాప్‌టాప్ డబ్బా మీద అలాంటి చీటీ ఒకటి ఎందుకు ఉండకూడదు? ర్యామ్ అతికించిందా, గది ఉందా, ఎంతదాకా పెంచుకోవచ్చు? కీబోర్డు విడిగా వస్తుందా, దాని ధరెంత? బ్యాటరీ ఎన్ని వాట్ అవర్స్? స్క్రీన్ వెలుగెంత? ప్రాసెసర్ డిజైన్ ఏ సంవత్సరానిది? ఈ నాలుగైదు ముక్కలు తెలుగులో ఉంటే చాలు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి లాప్‌టాప్‌ల మీద, రిపేరుకు ఎంత వీలుగా ఉందో పదికి ఎన్ని మార్కులో వేసి చూపించాలని నిబంధన పెట్టారు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022 డిసెంబర్‌లో రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. అలాంటి మార్కుల పద్ధతి మీద వేసిన కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. అయితే అది మొదలయ్యేది ఫోన్లు, ట్యాబ్లెట్లతో. లాప్‌టాప్‌లను కూడా మొదటి విడతలోనే చేర్చమని మీలాంటి పత్రికలు రాస్తే వింటారు, నాలాంటి వాళ్లు రాస్తే ఎక్కడికి చేరుతుందో తెలియదు. ఫోన్ పాడైతే పలకరింపులు ఆగుతాయి. నా లాప్‌టాప్ పాడైతే మా ఇంట్లో ఆ నెల అద్దె ఆగుతుంది.

రెండోది మిమ్మల్ని. ఈసారి లాప్‌టాప్‌ల పేజీ వేసేటప్పుడు తెలుగులో పనిచేసేవాళ్లకు ఒక గడి పెట్టండి. మేం డీటీపీ వాళ్లమే కాదు. దస్తావేజు లేఖరులు, మీ సేవ కేంద్రాల వాళ్లు, కోర్టు టైపిస్టులు, తెలుగు పంతుళ్లు, మీ ఆఫీసులోనే సబ్ ఎడిటర్లు ఉన్నారు. మెషిన్ పరీక్షించే విలేకరిని దానిమీద తెలుగులో ఒక పేజీ టైపు చేయమనండి, మధ్యాహ్నం కిటికీ ముందు కూర్చుని చేయమనండి. నేను షాపుల్లో కొట్టి చూసిన పేజీ ఒకటి ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. అందులో కావాలని ద, ధ, థలు, మూడు ఒత్తుల మాటలు ఎక్కువ పెట్టాను. వాడుకోండి, నా పేరు వేయాల్సిన పనిలేదు.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ